వేట లేని నెలల్లో చూసిన ఇల్లు

మా ఆవిడకు ఒక రుబ్బురోలు ఉంది. పెళ్లయిన కొత్తలో తిరునాళ్లలో కొన్నది. అది మాతోపాటు బిట్రగుంటలో కాపురం చేసింది, దొరవారిసత్రంలో చేసింది, చివరికి వాకాడు చేరింది. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి కనుక బదిలీలు తప్పేవి కావు. ఆర్డరు చూసి నేను బాధపడిన దానికంటే, రోలును చూసి లారీకి సామాను ఎత్తే మనుషులు పడిన బాధ ఎక్కువ. "సారూ, దీన్ని ఈడనే వదిలిపెడితే మీకు పుణ్యముంటాది" అని ఒకాయన చేతులు జోడించాడు కూడా. గురుత్వాకర్షణ గురించి పాఠం చెప్పి బతికినవాణ్ణే అయినా, దాని ప్రాక్టికల్స్ మాత్రం ఎప్పుడూ వాళ్ల చేతే చేయించాను.

ఇంట్లో గ్రైండరు, మిక్సీ ఉన్నాయి. అవి ఇడ్లీకి, దోసెకు. గోంగూర పచ్చడికి, చేపల పులుసు మసాలాకు రోలే కావాలి. ఇందులో వాదన లేదు. ఒకసారి వాదించి చూశాను, ఆ వారం పులుసు మిక్సీ మసాలాతో వచ్చింది. చిక్కేమిటంటే, అద్దె ఇంట్లో రోలును పాతనివ్వరు. నేల తవ్వుతామంటే ఇంటి ఓనరు మొహం మనం బావి తవ్వుతామన్నట్టు పెడతాడు. నున్నటి గచ్చు మీద పాతకుండా పెట్టిన రోలు ఊరికే ఉండదు, నూరేకొద్దీ నడుస్తుంది. వంటింటి మూల మొదలైన పచ్చడి చాలాసార్లు గుమ్మం దగ్గర పూర్తయ్యేది.

"నాకు పెద్ద కోరికలేం లేవు" అనేది మా ఆవిడ. "ఈ రోలును మన సొంత నేలలో ఒకచోట పాతితే చాలు. ఆ తరువాత మీ ఇష్టం."

ఆ తరువాత నా ఇష్టం అన్న అవకాశం అంతకుముందు ఎప్పుడూ రాలేదు కాబట్టి, నేను ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

మా బావమరిది గూడూరులో మోటారు పంపులు అమ్ముతాడు. అది వృత్తి. ప్రవృత్తి స్థలాలు. ఎక్కడ ఏ స్థలం అమ్మకానికి ఉందో, దాని యజమానికి అమ్మాలని బుద్ధి పుట్టకముందే మావాడికి తెలుస్తుంది. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే కారు వేసుకుని వచ్చి, మమ్మల్ని వాకాడు మండలంలోని ఒక మత్స్యకారుల ఊరికి తీసుకుపోయాడు.

ఇల్లు చిన్నది. రెండు గదులు, పెంకులు, ముందు వరండా, వెనక వంటిల్లు. కానీ తూర్పు వైపు ఉన్న ఖాళీ స్థలం చూసి నేను నిలబడిపోయాను. వెడల్పాటి ఇసుక దొడ్డి. అవతల సరుగుడు చెట్లు, వాటి మధ్య సందులోంచి సముద్రం. ఆ ఇసుకను ఎవరో జల్లెడ పట్టి పరిచినట్టుంది. ముల్లు లేదు, రాయి లేదు, గడ్డిపరక లేదు. ఇటుపక్కా అటుపక్కా అందరి దొడ్లలో పల్లేరు కాయలు, ఈ ఒక్కచోట మాత్రం మెత్తటి ఇసుక. కారణం లేకుండా ఏదీ జరగదని పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి, అది ఎందుకలా ఉందని మాత్రం అడగలేదు. బాగుంది అనుకున్నాను. బాగున్నదాన్ని ప్రశ్నించే అలవాటు సిలబస్‌లో లేదు.

ఇంటామె పెద్దావిడ. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు రోడ్డవతల కాలనీలో మేడ కట్టుకున్నాడు, ఈమెను కూడా అక్కడికి రమ్మన్నాడు. ఈ ఇల్లు అమ్మి అతనికి ఇంజిను బోటులో భాగం కొనిపెట్టాలని ఆమె ఉద్దేశం. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"గాలెట్టుంది సారూ?" అని అడిగింది.

"చాలా బాగుందమ్మా."

"దీనికి ఫ్యాను కరెంటు బిల్లు రాదు. అదొక్కటి రాసుకో" అంది.

మా ఆవిడ అప్పటికే ఇంటి చుట్టూ తిరిగి వచ్చింది. ఆమె కాలి బొటనవేలితో నేలను రెండుమూడు చోట్ల గట్టిగా అదిమి చూడటం నేను గమనించాను. ఇల్లు నచ్చింది.

ఇక లాయరు. ఇల్లు కొన్న వారం నుంచి ఇప్పటిదాకా కాలేజీలో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే: "మంచి లాయర్ని ఎట్లా పట్టుకోవాలి సార్?" నేను మొదట పట్టుకున్నది మా బావమరిది లాయర్ని. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు దగ్గర్లో ఆయన గది. గది కంటే బోర్డు పెద్దది. చాలా మంచి మనిషి. ఏం అడిగినా "ఏం కాదు సార్" అనేవాడు.

"ఆ పెద్దావిడ భర్త పేరు మీద ఉంది కదండీ స్థలం?"

"ఏం కాదు సార్."

"సముద్రానికి దగ్గర కదా, ఏమన్నా నిబంధనలు..."

"ఏం కాదు సార్. టీ తాగుతారా?"

ఆయన దగ్గర కూర్చున్నంతసేపూ నా బీపీ తగ్గింది. మెట్లు దిగాక, ఆయన మా కాగితాల కట్ట దారం ఇంకా విప్పనే లేదని గుర్తొచ్చి మళ్లీ పెరిగింది.

మా ఆవిడ పట్టుబట్టి ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లింది. గూడూరు కోర్టు వెనక సందులో ఒక లాయరమ్మ. నేను ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. అవి జేబులోనే ఉండిపోయాయి, ఎందుకంటే ప్రశ్నలన్నీ ఆమే అడిగింది. కట్ట విప్పి, ఒక్కో కాగితం తిప్పుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మే ఆమెకి బిడ్డలెంతమంది సార్?"

"ఒక కొడుకు."

"కూతుళ్లు?"

"చెప్పలేదండీ."

"మీరు అడిగినారా?"

"...లేదు."

"ఇంటికి దారి ఎటునుంచి? అది ఎవరి స్థలంలో పోతుంది?"

"రోడ్డు నుంచే. పంచాయతీది."

"ఇల్లు పాతదేనా, సముద్రం నిబంధనలు రాకముందు కట్టిందా?"

"వాళ్ల మామగారు కట్టించిందంట."

"ఈసీ తీయించినారా?"

ఈసీ అంటే ఆ స్థలం మీద ఇంతకుముందు జరిగిన అమ్మకాలు, తాకట్లు అన్నీ చూపించే కాగితం. తీయించానన్నాను. ఆ ఒక్క ప్రశ్నకే పాసు మార్కులొచ్చాయి. ఆమె చదివి పక్కన పెట్టి, కళ్లజోడు పైకి జరుపుకుని మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఇల్లు ఏ నెలలో చూసినారు సార్?"

నాకు నవ్వొచ్చింది. "ఇల్లేమన్నా మామిడిపండా మేడం, నెల చూసి కొనడానికి?"

"సముద్రం పక్క ఇల్లు మామిడిపండే సార్. మీరు పోయింది మీ సెలవుల్లో. సముద్రానికి గూడా అప్పుడే సెలవులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు. ఊరంతా అణిగి ఉంటది. వేట మొదలైనాక ఒకసారి పొద్దెక్కినప్పుడు పోయి, ఏం మాట్లాడకుండా నిలబడి రండి. అందాకా అడ్వాన్సు ఇయ్యమాకండి."

బయటికొచ్చాక బావమరిది గింజుకున్నాడు. "బావా, ఎల్లుండి దశమి. మంచిరోజు. ఈమె మాట విని ఊరుకుంటే ఎవడో వచ్చి తన్నుకపోతాడు. అడ్వాన్సు ఇచ్చేద్దాం, మిగతాది తరవాత చూసుకోవచ్చు."

నేను అటూ ఇటూ ఊగాను. మా ఆవిడ ఊగలేదు. "ముప్పొద్దులా నడిచే రోలుతో వేగినాను. ఇంకో నెల నడిస్తే నష్టం లేదు" అంది.

ఆ నెలలో కూతురి సంగతి తేలింది. ఉంది. పులికాట్ పక్కన ఇచ్చారు. ఎందుకు చెప్పలేదని అడిగితే పెద్దావిడ ఆశ్చర్యపోయింది. "అది వాళ్లింటి మనిషి గదా సారూ" అంది. లాయరమ్మ మాత్రం "వాళ్లింటి మనిషే, ఈ ఇంటి వాటాదారు గూడా. వచ్చి సంతకం పెట్టాల్సిందే" అంది. కూతురు ఫోనులో వెంటనే ఒప్పుకుంది. తమ్ముడి బోటుకేనని తెలిసి, దానికి పెట్టబోయే రంగు గురించి మాత్రం చాలాసేపు మాట్లాడింది. ఇక అడ్డేమీ లేదనుకున్నాను.

జూన్ చివర ఒక ఆదివారం, ముగ్గురం కారులో పోయాం. ఊరి మొదట్లోనే తేడా తెలిసింది. మేలో చూసినప్పుడు కుక్కలు కూడా నిద్రపోతున్న ఊరు అది. ఇప్పుడు ఐసు పెట్టెల ఆటోలు, తట్టలు మోసుకుపోయే ఆడవాళ్లు, అరుపులు. ఇంటి ముందు దిగి, తూర్పు వైపు తిరిగి చూస్తే దొడ్డి లేదు.

అంటే, ఉంది. కనపడదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా వలలు పరిచి ఉన్నాయి. నీలంవి, పచ్చవి, చిక్కుపడినవి, విడదీస్తున్నవి. మగవాళ్లు నాలుగైదు చోట్ల కూర్చుని వలల్లోంచి పీతల్ని, నాచును ఏరుతున్నారు. మా వరండాలో, అంటే నేను మనసులో అప్పటికే మాదనుకున్న వరండాలో, ఇద్దరు టీ తాగుతున్నారు. వాసన గురించి రాయను. చేపల పులుసు ఇష్టమున్నవాడు దాని మొదటి అధ్యాయం గురించి ఫిర్యాదు చేయకూడదు.

నేను రెండడుగులు వేశానో లేదో, ఒకాయన తలెత్తాడు.

"సారూ, చెప్పులిడిచి రాండి. వల మింద తొక్కమాకండి."

నేను కొనబోయే స్థలంలో నన్ను చెప్పులు విడవమన్నారు. విడిచాను. బావమరిది విడవలేదు. అతని బూటు బకిల్ నీలం వలలో ఇరుక్కుంటే, ఒంటికాలి మీద నిలబడి, "ఎవరయ్యా ఇది? తీయండయ్యా" అని కేకలు వేశాడు. ఒకామె వచ్చి బూటును వలలోంచి విడదీసింది. పీతను తీసినంత నేర్పుగా, అంతే ఆసక్తిగా.

పెద్దావిడ అప్పటికే కొడుకింటికి మారిపోయిందట, కాలనీ నుంచి వచ్చింది. మమ్మల్ని చూసి సంతోషించింది.

"అమ్మా, ఇదేంది?" అన్నాను.

"వలలు నాయనా."

"వలలని తెలుస్తానే ఉంది. ఈడెందుకు ఉన్నాయి?"

"ఇంకేడుంటాయి? మా మామ కాలం నుంచి ఊరోళ్లు ఆరేసేది ఈడనే గదా. ఇది మెరక. సరుగుడు సందులోంచి గాలి నేరుగా వస్తాది. వేట మొదలయ్యే ముందు అందరూ వచ్చి ముళ్లు, రాళ్లు ఏరి, ఇసక చదును చేసి పోతారు. ముల్లుంటే వల చినిగిపోదా?"

అదీ ఆ ఇసుక మెత్తదనం. నేను మేలో మెచ్చుకున్నది సృష్టిని కాదు, ఊరివాళ్ల చాకిరీని.

"మరి మాకు చెప్పలేదే?"

"సముద్రం ఉండాదని చెప్పినానా? అది గూడా చెప్పలా. నువ్వే చూసుకున్నావు గదా" అంది. అందులో దాపరికం ఏ కోశానా లేదు. ఆమెకు గాలి ఎట్లాంటిదో, వలలూ అట్లాంటివే. ఇంటితోపాటు ఉంటాయి. ఎవరైనా విడిగా చెబుతారా?

బావమరిది కాలు దించుకుంటూ, తన లెక్కలో మెల్లగానే, అన్నాడు: "ఏం పర్లేదు బావా. రిజిస్ట్రేషన్ అయిపోనీ. మర్నాడే ప్రహరీ ఎత్తేద్దాం. ఆ పక్క గేటు, తాళం."

వలలు ఏరుతున్న చేతులు ఆగాయి. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టారు. పెద్దావిడ మాత్రం నన్నే చూసింది.

"గోడ కడతావా సారూ?" అంది. "కట్టేటట్టయితే నేను అమ్మలేను. వాడికి బోటు లేకున్నా పాయె. ఈ ఊళ్లో నేను మళ్లీ మొహం ఎత్తుకుని తిరగాల."

ఆలోచించి చెబుతానన్నాను. దారి పొడుగునా మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వాకాడు చేరాక ఇంట్లోకి పోయి, రోలును మూలకు నెట్టి, దానిమీద బియ్యం డబ్బా పెట్టింది. అది ఆ ఇంట్లో జెండా దించడం లాంటిది. నేను గమనించనట్టు పేపరు చదివాను. పేపరు తిరగేసి ఉందని తరువాత తెలిసింది.

మర్నాడు ఒక్కణ్ణే లాయరమ్మ దగ్గరికి పోయాను. విని, కుర్చీ వెనక్కి వాల్చింది.

"కాయితం ప్రకారం స్థలం వాళ్లది సార్. వాడుక ప్రకారం పొద్దున పూట ఊరిది. మీరు కొంటే ఇల్లు ఒక్కటే రాదు, వాడుక గూడా మీ వెంట వస్తది. మీకు మూడు దారులు. ఒకటి, వదులుకోండి. రెండు, కొని గోడ కట్టి కోర్టుకు రండి. అది నాకు మంచిది."

"మీకా?"

"మా పాప ఇంజనీరింగ్ అయిపోయేదాకా నడుస్తది. ఆపైన దాని పెళ్లి దాకా గూడా."

"మూడోది?"

"ఉన్నదాన్ని ఉన్నట్టు దస్తావేజులో రాసుకోండి. తూర్పు దొడ్డిలో వేట రోజుల్లో వలలు ఆరేసుకోవచ్చు. మీరు అడ్డంగా గోడ కట్టరు, చెట్లు నాటరు. వాళ్లు గుంజలు పాతరు, పందిరి వేయరు, ఇంటి గడప దాటరు. మాపటికి ఎత్తేస్తారు."

"రాసుకుంటే ఏమవుతుంది?"

"వలలు ఆరతాయి. మీరు ఇంట్లో ఉంటారు. ఇంతకంటే లా నాకు రాదు సార్."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ అంతా విని, "నేనొక్కసారి ఆ పెద్దామెతో మాట్లాడాలి" అంది. కారు పిలవలేదు. బస్సెక్కి పోయాం.

పెద్దావిడ ఈసారి మజ్జిగ ఇవ్వలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, తీర్పు కోసం వచ్చినదానిలా చూసింది. మా ఆవిడ స్థలం గురించి ఎత్తలేదు, వలల గురించి ఎత్తలేదు.

"అమ్మా, నువ్వు పచ్చడి యాడ నూరేదానివి? తూర్పంతా వలలే గదా" అంది.

పెద్దావిడ మొహం మారింది. లేచి ఇంటి వెనక్కి నడిచింది. మేమూ నడిచాం. వంటింటి గోడ పక్కన, పడమటి వైపు, గంగరావి చెట్టు నీడలో నేల మధ్య గుండ్రటి గుంట ఉంది. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి.

"ఈడుండేది నా రోలు. మా అత్త పాతింది. కొడుకు కొత్తింటికి ఎత్తుకపోయినాడు. టైల్సు మింద పెట్టినాడు. అదేందో ఈడున్నట్టు ఉండదు మా, నూరతా ఉంటే జరిగిపోతాది."

"గుమ్మం దాకా పోతుందా?" అంది మా ఆవిడ.

"టీవీ దాకా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను అక్కడ అనవసరమని నాకు అర్థమైంది.

మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి గుంట పక్కన గొంతుక్కూర్చుంది. చెయ్యి పెట్టి లోతు చూసింది. "కారం కళ్లల్లో పడదా?"

"గాలి తూరుపు నుంచి గదా. ఇల్లడ్డం. ఒక్క రవ్వ పడదు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "రాయించండి" అంది.

రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజు రాసే ఆయన కలం పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు. "సార్, స్థలం కొనేవాళ్లు హక్కులు రాయించుకుంటారు. మీరేంది, వాళ్ల వలలు రాయించుకుంటున్నారు? ఇట్టాంటిది నేనెప్పుడూ రాయలా."

"ఇప్పుడు రాయండి" అంది లాయరమ్మ, వాక్యం వాక్యం చెబుతూ.

ఊరి పెద్దమనిషి సాక్షిగా వచ్చాడు. తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, అయినా సముద్రాన్ని వెంటబెట్టుకునే వచ్చాడు. రాసినదంతా చదివించుకుని, సంతకం పెట్టేముందు ఆగాడు.

"దీంట్లో వేట రోజుల్లో అని ఉంది. వేట లేని రోజుల్లో మేం ఇసక చదును చెయ్యడానికి రావాల గదా? అది రాయలా."

లాయరమ్మ నా వైపు చూసింది. నా దొడ్డిని వాళ్లు ఊరికే ఊడ్చిపెడతామంటున్నారు, దానికి నా అనుమతి అడుగుతున్నారు. నేను కాస్త ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, ఒప్పుకున్నాను.

పెద్దావిడ వేలిముద్ర మిషను మీద వేలు పెట్టింది, కొడుకు పెట్టాడు, పులికాట్ నుంచి వచ్చిన కూతురు పెట్టింది. బావమరిది కూడా సాక్షే. సంతకం చేస్తూ, "నాకు తెలిసినంతలో డబ్బులిచ్చి వలలు తెచ్చుకున్నోడివి నువ్వొక్కడివే బావా" అన్నాడు. ఆ మాట తరువాత గూడూరులో చాలామందికి చెప్పాడట. వాళ్లలో ఇద్దరు లాయరమ్మ అడ్రసు కోసం నాకు ఫోను చేశారు.

రోలును లారీ మీంచి దించిన రోజున పెద్దావిడ కాలనీ నుంచి ప్రత్యేకంగా వచ్చింది. ఎత్తే మనుషులు ఇదే ఆఖరుసారి అని నాతో ఒట్టు వేయించుకున్నారు. గుంటలో దించారు. చుట్టూ జానెడు సందు మిగిలిపోయింది.

పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని వంగి చూసింది. "ఇంత చిన్న రోలా మా? దీనికా ఇన్ని ఊర్లు తిరిగినారు?"

మా ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, నవ్వింది. వలల దగ్గరున్న ఇద్దరు వచ్చి సందులో తడి ఇసుక, ఆల్చిప్పలు, ఇటుక ముక్కలు కూరి, కాళ్లతో తొక్కి బిగించారు. పైన పెద్దావిడే సిమెంటు పూసి, చేతివేళ్లతో అంచు సరిచేసింది. ఆరేదాకా ముట్టుకోవద్దని హెచ్చరించి, ఆరిందో లేదో చూడటానికి రోజూ వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఆచారం కొంచెం తిరగబడింది. లోపలికి వచ్చేటప్పుడు కాదు, దొడ్లోకి పోయేటప్పుడు చెప్పులు విడుస్తాం. మే నెలలో చుట్టాలు వచ్చి ఎంత మెత్తటి ఇసుక అని ముచ్చటపడతారు. జూన్‌లో రమ్మంటాను. కొందరు మళ్లీ రారు, అదీ లాభమే. కొన్ని పొద్దులు వరండా మెట్టు మీద ఆకులో చుట్టిన చేపలుంటాయి, ఎవరు పెట్టారో తెలియదు. మా ఆవిడ అడగదు, మసాలాకు కూర్చుంటుంది. పెద్దావిడ కూడా వారానికోసారి ధనియాలు, ఎండు మిరపకాయలు మూటగట్టుకుని వస్తుంది. తన రోలు ఇంకా టీవీ దాకా పోతూనే ఉందట.

మొదటి రోజు నూరిన గోంగూర పచ్చడి మాత్రం నాకు బాగా గుర్తుంది. మా ఆవిడ గంగరావి నీడలో మొదలుపెట్టింది. నేను వరండాలో పేపరు, ఈసారి సరిగ్గానే పట్టుకుని, ఒక చెవి అటు వేసి కూర్చున్నాను. చాలాసేపు పొత్రం చప్పుడు ఒకే చోటు నుంచి వచ్చింది. తరువాత ఆగింది. వెళ్లి చూస్తే ఆమె పచ్చడి గిన్నెలోకి తీసేసి, కూర్చున్నచోటే కూర్చుని, రెండు చేతులూ రోలు మీద ఆనించి, అటూ ఇటూ కదిపి చూస్తోంది.

"ఏమంటుంది?" అన్నాను.

"కదలట్లేదు" అంది.